ఫ్లో బ్యాటరీలు: తేల్చేది గంటల లెక్క

క్లుప్తంగా: సోలార్ కరెంటును, గాలి కరెంటును పెద్ద ఎత్తున దాచే మార్గంగా ద్రవంతో పనిచేసే ఫ్లో బ్యాటరీల పేరు తరచూ వినిపిస్తోంది. వీటిలో శక్తి ట్యాంకుల్లోని ద్రావణంలో ఉంటుంది. అందువల్ల నిల్వ గంటలు పెంచడం తేలిక, మంటల భయం దాదాపు ఉండదు, ఆయుష్షు ఎక్కువ. అయితే రెండు నుంచి నాలుగు గంటల నిల్వకు ఇవాళ లిథియం బ్యాటరీయే చవక. ఎనిమిది, పది గంటలు దాచాల్సి వచ్చినప్పుడే ఫ్లో బ్యాటరీకి అసలు అవకాశం. లిథియం ధర, ఈ ద్రావణంలో ఎక్కువగా వాడే వెనేడియం అనే లోహం లభ్యత, దక్షిణాది ఎండ, టెండర్లలో రాసే గంటలు కలిసి ఆ అవకాశం ఎంతో తేలుస్తాయి.

మధ్యాహ్నం మిగులు, సాయంత్రం కటకట

బెంగళూరు నుంచి సెలవులకు అనంతపురం, కర్నూలు వైపు వెళ్లే తెలుగువాళ్లకు దారి పొడవునా కనిపించే గాలిమరలు కొత్త కాదు. ఆ రహదారికి పడమరగా, దాదాపు చుట్టూ ఆంధ్ర సరిహద్దే ఉన్న పావగడ తాలూకాలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. సుమారు 13 వేల ఎకరాల్లో పరుచుకున్న ఆ పార్కు 2019 చివరికి పూర్తి సామర్థ్యానికి చేరింది. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 1,000 మెగావాట్ల పార్కు, కదిరి వైపు నంబులపూలకుంట పార్కు, తమిళనాడులో కముది దగ్గర 648 మెగావాట్ల కేంద్రం, కన్యాకుమారి వైపు ముప్పందల్ గాలిమరలు కూడా కలిపి చూస్తే, గత పదేళ్లలో దక్షిణాది గ్రిడ్ స్వభావమే మారిపోయిందని అర్థమవుతుంది.

ఆ మార్పుతోపాటు ఒక చిక్కు వచ్చింది. సోలార్ కరెంటు మధ్యాహ్నం పన్నెండు, ఒంటి గంట మధ్య పోటెత్తుతుంది. సాయంత్రం ఆరు దాటేసరికి దాదాపు సున్నాకు వస్తుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లలో దీపాలు, టీవీలు, వంటింటి మిక్సీలు, చెన్నైలో అయితే ఏసీలు కూడా ఒక్కసారిగా ఆన్ అవుతాయి. 2024 మే 2న తమిళనాడు విద్యుత్ డిమాండు 20,830 మెగావాట్లకు చేరి రికార్డు సృష్టించింది. వేసవిలో ఏసీల లోడు రాత్రి పొద్దుపోయేదాకా తగ్గదు.

కరెంటును కొని అమ్మే మార్కెట్ అయిన పవర్ ఎక్స్ఛేంజీ ధరల్లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఎండ బాగా ఉన్న రోజుల్లో మధ్యాహ్నం యూనిట్ ధర చాలాసార్లు రెండు, మూడు రూపాయలకు దిగుతుంది. వేసవి సాయంత్రాల్లో అది యూనిట్‌కు 10 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకుతుంది. అదే కరెంటు, అదే తీగలు, మధ్యలో గడిచింది ఆరేడు గంటలు మాత్రమే. ఆ గంటలను దాటించగలిగేదానికి విలువ ఉంటుంది. బ్యాటరీ వ్యాపారం మొత్తం ఈ తేడా మీదే నడుస్తుంది.

దీన్ని తగ్గించడానికి రాష్ట్రాలు మొదట చేసిన పని లోడును జరపడం. వ్యవసాయ పంపుసెట్లకు రాత్రి ఇచ్చే కరెంటును పగటికి మార్చారు. ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది గంటల పగటి సరఫరా అలాంటిదే. అన్నిటికంటే చవకైన నిల్వ ఇదే, ఎందుకంటే దీనికి ఏ బ్యాటరీ అక్కర్లేదు. కానీ నగరాల సాయంత్రపు వాడకాన్ని పగటికి జరపడం సాధ్యం కాదు. అక్కడ నిజమైన నిల్వ కావాలి.

ద్రవం ఉన్న ప్రతి బ్యాటరీ ఫ్లో బ్యాటరీ కాదు

'లిక్విడ్ బ్యాటరీ' అన్న మాట దగ్గరే చాలామంది తికమకపడుతున్నారు. ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే బ్యాటరీలో యాసిడ్ ఉంటుంది, అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోస్తారు. ఫోన్‌లోని లిథియం బ్యాటరీ లోపల కూడా ద్రవ ఎలక్ట్రోలైట్ ఉంటుంది. కానీ ఈ రెండింటిలో ద్రవం అయాన్లు అటూ ఇటూ కదలడానికి ప్రధానంగా దారి మాత్రమే. శక్తి ఉండేది ఘన పలకల్లో. పలక ఎంతుంటే నిల్వ అంత.

ఫ్లో బ్యాటరీలో శక్తి ద్రవంలోనే ఉంటుంది. రెండు పెద్ద ట్యాంకుల్లో రెండు ద్రావణాలు ఉంటాయి. పంపులు వాటిని 'స్టాక్' అనే భాగంలోకి తోస్తాయి. స్టాక్ అంటే పదుల సంఖ్యలో పేర్చిన సెల్‌ల వరుస. ప్రతి సెల్‌లో మధ్యన ఒక పలుచని పొర, దానికి రెండు వైపులా కార్బన్ ఫెల్ట్ ఎలక్ట్రోడ్లు ఉంటాయి. ఒక ద్రావణం పొరకు ఒక పక్క నుంచి, రెండోది మరో పక్క నుంచి ప్రవహిస్తాయి. పొర ద్వారా ప్రధానంగా హైడ్రోజన్ అయాన్లు దాటుతాయి, ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా వెళ్తాయి. ఛార్జ్ చేస్తే ద్రావణాల రసాయన స్థితి ఒక దిశలో మారుతుంది, డిశ్చార్జ్‌లో వెనక్కి వస్తుంది.

బెంగళూరులో చాలా ఇళ్లకు కింద సంపు, దానికో మోటారు ఉంటాయి. నీళ్లు ఎంత వేగంగా పైకెక్కాలన్నది మోటారు తేలుస్తుంది, ఎన్ని రోజులకు సరిపోవాలన్నది సంపు సైజు తేలుస్తుంది. సంపు పెద్దది చేయడానికి కొత్త మోటారు కొనక్కర్లేదు. ఫ్లో బ్యాటరీ కూడా అంతే. ఎన్ని మెగావాట్లు ఇవ్వాలన్నది స్టాక్ పని, ఎన్ని గంటలపాటు ఇవ్వాలన్నది ట్యాంకు పని. లిథియంలో ఈ విడదీత లేదు. గంటలు రెట్టింపు కావాలంటే మొత్తం సెల్‌లు రెట్టింపు కొనాలి. వ్యాసంలో మున్ముందు వచ్చే ఖర్చు లెక్కలన్నిటికీ మూలం ఈ ఒక్క తేడాయే.

వెనేడియం ఎందుకు గెలిచింది

ఆలోచన పాతదే. 1970లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఇనుము, క్రోమియం ద్రావణాలతో ఫ్లో బ్యాటరీల మీద పనిచేసింది. అక్కడ ఎదురైన పెద్ద సమస్య పొర. ఏ పొరా వంద శాతం అడ్డుకోలేదు. ఇనుము అటు, క్రోమియం ఇటు కొంచెం కొంచెంగా జారిపోతే రెండు ద్రావణాలూ కలుషితమై సామర్థ్యం పడిపోతుంది.

1980లలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో మరియా స్కైలస్-కజాకోస్ బృందం దీనికి చక్కని పరిష్కారం చూపింది. రెండు వైపులా ఒకే మూలకాన్ని వాడింది. వెనేడియానికి ద్రావణంలో నాలుగు భిన్న స్థితులుంటాయి, ఒక్కోదానిదీ ఒక్కో రంగు. కోల్పోయిన ఎలక్ట్రాన్ల సంఖ్యను బట్టి వాటిని రెండు నుంచి ఐదు దాకా లెక్కిస్తారు. రెండో స్థితి ఊదా, మూడోది ఆకుపచ్చ, నాలుగోది నీలం, ఐదోది పసుపు. ఛార్జ్ అయ్యేటప్పుడు ఒక ట్యాంకులో నీలం పసుపుగా, రెండో ట్యాంకులో ఆకుపచ్చ ఊదాగా మారుతుంది. అటు నుంచి ఇటు కొంత వెనేడియం జారినా శాశ్వత నష్టం లేదు. రెండు ట్యాంకుల ద్రావణాన్ని మళ్లీ కలిపి సమతుల్యం చేసి ఛార్జ్ చేస్తే పోయిన సామర్థ్యంలో చాలా భాగం తిరిగొస్తుంది.

ఈ బ్యాటరీలను ఇరవై ఏళ్లు, అంతకు పైన నడపవచ్చనడానికి ఆధారం అదే. లిథియంలో ఛార్జ్, డిశ్చార్జ్ జరిగిన ప్రతిసారీ ఘన పదార్థం కాస్త ఉబ్బుతుంది, కుదించుకుపోతుంది, లోపల అవాంఛిత పొరలు పేరుకుంటాయి. ద్రావణానికి ఆ ఒత్తిడి లేదు. స్టాక్‌లోని పొర, పంపులు, సీళ్లు అరిగితే మార్చుకోవాలి. వెనేడియం మాత్రం అరగదు, ఖర్చు కాదు. ప్లాంటు మూసేసిన రోజున కూడా ట్యాంకులో అమ్ముకోదగిన సరుకుగా మిగిలి ఉంటుంది. కొన్ని దేశాల్లో ద్రావణాన్ని అమ్మకుండా అద్దెకిచ్చే పద్ధతి ఇందుకే పుట్టింది.

బరువు, బల్క్, యాసిడ్

లోపాలూ చిన్నవి కావు. వెనేడియం ద్రావణంలో లీటరుకు నిల్వ ఉండేది సుమారు 20 వాట్-అవర్లు. లిథియం సెల్‌లో అంతే పరిమాణంలో దానికి పది రెట్లకు పైనే ఉంటుంది. 1 మెగావాట్-అవర్, అంటే వెయ్యి యూనిట్లు దాచాలంటే రెండు ట్యాంకుల్లో కలిపి సుమారు 50 వేల లీటర్ల ద్రావణం కావాలి. 100 మెగావాట్లను ఎనిమిది గంటలు ఇవ్వగల ప్లాంటుకు నాలుగు కోట్ల లీటర్లు. అందుకే ఈ బ్యాటరీ ఎప్పటికీ కారులోకి రాదు. కదలకుండా ఒకచోట ఉండే గ్రిడ్ నిల్వకే ఇది సరిపోతుంది. పావగడ లాంటి చోట స్థలం పెద్ద సమస్య కాదు. బెంగళూరు, చెన్నై నడిబొడ్డున ఉన్న సబ్‌స్టేషన్ ఆవరణల్లో మాత్రం అదే మొదటి అడ్డంకి.

రెండో లోపం సామర్థ్యం. లోపలికి పంపిన కరెంటులో తిరిగి వచ్చేది ఫ్లో బ్యాటరీలో 65 నుంచి 75 శాతం. లిథియంలో 85 శాతం, ఆపైన. పంపులు తినే కరెంటు, స్టాక్‌లో జరిగే నష్టాలు ఈ తేడాకు కారణం. దీన్ని రూపాయల్లోకి మార్చి చూడాలి. మధ్యాహ్నం యూనిట్ రెండున్నర రూపాయలకు కొన్నారనుకుంటే, 70 శాతం సామర్థ్యం ఉన్న బ్యాటరీ నుంచి బయటికి వచ్చే ఒక్కో యూనిట్‌కు కరెంటు ఖర్చే 3.57 రూపాయలు. 85 శాతం ఉన్నదాని నుంచి 2.94 రూపాయలు. అరవై పైసలకు పైగా తేడా. అదే మధ్యాహ్నపు ధర అర్ధ రూపాయికి పడిపోతే ఈ తేడా పదిహేను పైసలలోపే. అంటే వృథాగా పోయే సోలార్ ఎంత పెరిగితే ఫ్లో బ్యాటరీకి ఉన్న ఈ లోపం అంత చిన్నదవుతుంది. సామర్థ్యం శాతాలను మాత్రమే చూపి ఒక టెక్నాలజీని కొట్టిపారేసే వాదనల్లో ఈ సంగతి సాధారణంగా కనిపించదు.

మూడోది యాసిడ్. ద్రావణం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపిన వెనేడియం. నీటి ఆధారిత ద్రవం కాబట్టి మండదు. 2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్ లిథియం నిల్వ కేంద్రం తగలబడి వెయ్యి మందికి పైగా ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. అలాంటిది వెనేడియం ప్లాంటులో జరిగే వీలు దాదాపు లేదు. అయితే న్యాయంగా చెప్పాలంటే మాస్ ల్యాండింగ్‌లో ఉన్నవి నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం సెల్‌లు. ఇప్పుడు గ్రిడ్ నిల్వకు ఎక్కువగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం అంతకంటే క్షేమం. ఫ్లో బ్యాటరీలో భయపడాల్సింది లీకుల గురించి. ట్యాంకుల చుట్టూ ఆమ్లం బయటికి పోకుండా గట్టు కట్టాలి, ఆ గట్టు వరదను కూడా తట్టుకోవాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదలప్పుడు ఎన్నూరు క్రీక్‌లోకి చమురు చేరి మత్స్యకారుల బతుకు అతలాకుతలమైంది. ఉత్తర చెన్నై తీరంలో ఏ ద్రవాన్ని కోట్ల లీటర్లలో నిల్వ చేయాలన్నా ఆ అనుభవాన్ని పక్కనపెట్టి ప్లాన్ గీయడం తప్పు.

గంటలే గీత గీస్తాయి

ఇప్పుడు అసలు లెక్క. ఇక్కడ వాడినవి మార్కెట్ ధరలు కావు, లెక్క అర్థం కావడానికి పెట్టుకున్న ఊహా అంకెలు.

ఒక ఫ్లో బ్యాటరీకి స్టాక్, పంపులు, పైపుల కోసం ఒకేసారి 100 రూపాయలు, ఆపై ప్రతి గంట నిల్వకు ద్రావణం, ట్యాంకు ఖర్చు 20 రూపాయలు అనుకుందాం. లిథియానికి ఒకేసారి అయ్యే ఖర్చు 10, ప్రతి గంటకు సెల్‌ల ఖర్చు 35 అనుకుందాం. నాలుగు గంటల నిల్వకు ఫ్లో ఖర్చు 180, లిథియం 150. ఆరు గంటల దగ్గర రెండూ 220తో సమానం. పది గంటలకు వెళ్తే ఫ్లో 300, లిథియం 360. ఆరు గంటలు దాటితే ద్రవం గెలిచింది.

లిథియం సెల్‌ల ఖర్చు గంటకు 35 నుంచి 25కు తగ్గిందనుకుందాం. పది గంటలకు కూడా ఇప్పుడు లిథియం 260కే వస్తుంది, ఫ్లో 300 దగ్గరే ఉంది. రెండూ సమానమయ్యే చోటు ఆరు గంటల నుంచి పద్దెనిమిది గంటలకు జరిగిపోయింది. సెల్ ధరలో తగ్గింది మూడో వంతు కూడా లేదు, గీత మాత్రం మూడింతలు దూరం వెళ్లింది.

వాస్తవంలో జరిగింది ఇంచుమించు ఇదే. ఇంధన రంగాన్ని పరిశోధించే సంస్థ బ్లూమ్‌బర్గ్ ఎన్ఈఎఫ్ సర్వే ప్రకారం లిథియం బ్యాటరీ ప్యాక్ సగటు ధర 2024లో కిలోవాట్-అవర్‌కు, అంటే ఒక యూనిట్ నిల్వకు, 115 డాలర్లు. 2010 ప్రాంతంలో అది వెయ్యి డాలర్ల పైమాటే. మన దేశంలో 2022లో రెండు గంటల బ్యాటరీ నిల్వకు టెండర్లలో వచ్చిన ధర నెలకు మెగావాట్‌కు సుమారు 10.8 లక్షల రూపాయలు. 2024 చివరికి కొన్ని టెండర్లలో అది 2.2 లక్షల దరిదాపులకు పడిపోయింది. ప్రభుత్వ సాయం పాత్ర ఇందులో కొంత ఉన్నా, ప్రధాన కారణం చైనాలో సెల్ తయారీ అవసరానికి మించి పెరగడం. కార్ల కోసం కట్టిన ఫ్యాక్టరీల ఫలితం గ్రిడ్‌కు అందింది. ఫ్లో బ్యాటరీకి వెనక కార్ల పరిశ్రమ లేదు. అదే దాని అసలు బలహీనత. రసాయనశాస్త్రం కాదు, అమ్మకాల పరిమాణం.

దక్షిణాదిలో సాయంత్రపు పీక్ ఆరు నుంచి పది దాకా, అంటే నాలుగు గంటలు. ఈ అవసరం వరకే చూస్తే లిథియమే సరైన ఎంపిక. దీన్ని ఒప్పుకోకుండా ఫ్లో బ్యాటరీల గురించి చెప్పే మాట ఏదైనా ప్రచారమే అవుతుంది. బొగ్గు ప్లాంట్లను రాత్రంతా ఆపాలనుకున్న రోజున మాత్రం నాలుగు గంటలు చాలవు, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడు దాకా నెట్టుకురావాలి. ఆ దశకు గ్రిడ్ ఎప్పుడు చేరుతుంది, అప్పటికి లిథియం ధర ఎక్కడ ఉంటుంది అన్నవే మిగిలిన ప్రశ్నలు.

చెన్నై ఎండకు తట్టుకోవాలి

విదేశీ కథనాల్లో పెద్దగా కనిపించని, ఇక్కడ మాత్రం ముఖ్యమైన విషయం వేడి. మామూలు వెనేడియం ద్రావణం 10 నుంచి 40 డిగ్రీల మధ్య సురక్షితంగా ఉంటుంది. 40 దాటితే ఐదో స్థితిలో ఉన్న వెనేడియం, అంటే ఛార్జ్ అయిన పసుపు ద్రావణం, పొడిగా విడిపోయి అడుగున పేరుకోవడం మొదలవుతుంది. ఆ పొడి ఫెల్ట్‌లో ఇరుక్కుంటే ప్రవాహం ఆగుతుంది, స్టాక్ పాడవుతుంది.

సోలార్‌తో జోడించినప్పుడు ఈ సమస్య మరింత ముదురుతుంది. బ్యాటరీ పొద్దుటి నుంచి ఛార్జ్ అవుతూ మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు నిండుతుంది. ద్రావణంలో ఐదో స్థితి వెనేడియం అప్పుడే గరిష్ఠంగా ఉంటుంది. రోజులో ఎండ తీవ్రంగా ఉండే సమయమూ దాదాపు అదే.

బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రత 39.2 డిగ్రీలు, అదీ 2016 ఏప్రిల్‌లో. చెన్నై నుంగంబాకంలో 2003 మేలో 45 డిగ్రీలు నమోదైంది, 40 దాటడం అక్కడ ఏటా మామూలే. సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తు బెంగళూరుకు ఇచ్చిన వెసులుబాటు వెనేడియానికి కూడా పనికొస్తుంది. అయితే ప్లాంట్లు వచ్చేది నగరంలో కాదు. పావగడలో, అనంతపురంలో, కర్నూలులో ఎండ ఎలా ఉంటుందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. లక్షల లీటర్ల ద్రవం గాలి కంటే చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి కొంత ఊరట ఉంది. నీడ, హీట్ ఎక్స్ఛేంజర్లు, రాత్రి చల్లదనం వాడుకోవడం లాంటి మార్గాలున్నాయి. కానీ చల్లబరచడానికి పెట్టే ప్రతి యూనిట్ అసలే తక్కువగా ఉన్న సామర్థ్యాన్ని ఇంకొంత కోస్తుంది.

రసాయనం వైపు నుంచి కూడా ఒక దారి దొరికింది. అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ లేబొరేటరీ 2011లో సల్ఫ్యూరిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు కలిపిన ద్రావణాన్ని ప్రకటించింది. మైనస్ 5 నుంచి 50 డిగ్రీల దాకా అది నిలకడగా ఉంటుంది, లీటరుకు పట్టే శక్తి కూడా సుమారు 70 శాతం పెరుగుతుంది. రాయలసీమలో, తమిళనాడు మైదానాల్లో ప్లాంటు పెట్టాలంటే ఇలాంటి ద్రావణమే మొదటి షరతు కావాలి.

వెనేడియం ఎవరి దగ్గర ఉంది

ప్రపంచంలో ఏడాదికి ఉత్పత్తయ్యే వెనేడియం సుమారు లక్ష టన్నులు. అందులో సగానికి పైగా చైనాది. మిగిలింది ప్రధానంగా రష్యా, దక్షిణాఫ్రికా, బ్రెజిల్. వాడకంలో తొంభై శాతం దాకా ఉక్కును గట్టిపరచడానికే పోతుంది. ఎక్కువ భాగం స్టీల్ స్లాగ్ (ఉక్కు తయారీలో మిగిలే వ్యర్థం) నుంచి ఉప ఉత్పత్తిగా వస్తుంది కాబట్టి, బ్యాటరీలకు గిరాకీ పెరిగిందని ఉత్పత్తి వెంటనే పెరగదు. 2018లో చైనా నిర్మాణ ఉక్కు ప్రమాణాలను కఠినం చేయగానే వెనేడియం ధర ఆకాశానికెక్కింది, తర్వాత అంతే వేగంగా పడింది. ఇరవై ఏళ్ల ప్రాజెక్టుకు అప్పిచ్చే బ్యాంకుకు ఇలాంటి ధరలంటే టెన్షనే.

పరిమాణం ఇంకా పెద్ద చిక్కు. 1 మెగావాట్-అవర్ నిల్వకు నాలుగైదు టన్నుల వెనేడియం కావాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ జాతీయ విద్యుత్ ప్రణాళిక ప్రకారం 2031-32 నాటికి దేశానికి 236 గిగావాట్-అవర్ల (ఒక్కోటీ వెయ్యి మెగావాట్-అవర్లు) బ్యాటరీ నిల్వ అవసరం. అందులో పదో వంతును వెనేడియంతో కట్టాలన్నా దాదాపు లక్ష టన్నులు కావాలి. అంటే ప్రపంచం మొత్తం ఒక ఏడాది ఉత్పత్తి. వెనేడియం ఒక్కటే దేశ నిల్వ సమస్యను తీరుస్తుందనడం ఈ లెక్క ముందు నిలవదు.

మన దేశం వెనేడియాన్ని వాడుతుంది తప్ప నేరుగా తవ్వదు. 2017లో ప్రపంచ ఉత్పత్తి 84 వేల టన్నుల్లో సుమారు 4 శాతం ఇక్కడే ఖర్చయింది. అల్యూమినా శుద్ధిలో మిగిలే బురద నుంచి కొంత తీస్తారు. అరుణాచల్ ప్రదేశ్‌లోని పాపుం పరే జిల్లాలో నిక్షేపాల జాడ దొరికినట్టు జియొలాజికల్ సర్వే గుర్తించింది. లిథియం సెల్‌ల కోసం చైనా మీద ఆధారపడుతున్నామన్న బాధతో వెనేడియం వైపు చూసేవాళ్లు, అక్కడ కూడా ముందు వరుసలో చైనాయే ఉందని గుర్తుంచుకోవాలి.

చైనా ఈ రంగంలో ముందుండటానికి కారణమూ అదే. లోహం సొంతది, ఉక్కు పరిశ్రమ సొంతది, కొనేది ప్రభుత్వ గ్రిడ్. డాలియన్‌లో 100 మెగావాట్లు, 400 మెగావాట్-అవర్ల వెనేడియం కేంద్రం 2022లో గ్రిడ్‌కు కలిసింది. 2024 చివర్లో షిన్‌జియాంగ్‌లో 175 మెగావాట్లు, 700 మెగావాట్-అవర్ల కేంద్రం పూర్తయింది. వాటికి ముందు జపాన్‌లోని హొక్కైడోలో 2015 నాటి 15 మెగావాట్లు, 60 మెగావాట్-అవర్ల ప్లాంటే పెద్ద ఉదాహరణ. ఈ మూడూ నాలుగు గంటల నిల్వలే కావడం గమనించాలి. ఎనిమిది, పది గంటల లాభం ఇంత పెద్ద స్థాయిలో ఈ ప్లాంట్ల నుంచి ఇంకా రుజువు కాలేదు.

మిగతా ద్రవాలు

వెనేడియాన్ని తప్పించుకునే ప్రయత్నాలు చాలా ఉన్నాయి. ఇనుము అత్యంత చవక, కానీ ఛార్జింగ్‌లో లోహం ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటుంది కాబట్టి ట్యాంకు పెంచినంత మాత్రాన నిల్వ పెరగదు. పైగా హైడ్రోజన్ వాయువు వెలువడి సమతుల్యం చెడుతుంది. జింక్-బ్రోమిన్ ఫ్లో బ్యాటరీలు తయారుచేసిన ఆస్ట్రేలియా సంస్థ రెడ్‌ఫ్లో 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2014లో క్వినోన్ అనే సేంద్రియ అణువుతో లోహం లేని ఫ్లో బ్యాటరీ చూపించారు. అలాంటి అణువులు ఏళ్ల తరబడి విచ్ఛిన్నం కాకుండా ఉండాలి, అది కష్టంగా ఉంది. బెంగళూరులోని ఐఐఎస్‌సీలో ద్రావణంలో కరిగి ఉండే సీసంతో పనిచేసే రకం మీద, ఐఐటీ మద్రాస్‌లో వెనేడియం స్టాక్‌ల మీద పరిశోధనలు జరిగాయి.

వేడికి కరిగి ద్రవంగా మారిన లోహంతో పనిచేసే బ్యాటరీ వేరే సంగతి. అది ఫ్లో బ్యాటరీ కాదు. ఎంఐటీ ప్రొఫెసర్ డొనాల్డ్ సాడోవే ఆలోచన నుంచి పుట్టిన ఆంబ్రి కంపెనీలో 2021లో రిలయన్స్ కూడా పెట్టుబడి పెట్టింది. ఆ కంపెనీ 2024లో దివాలా పిటిషన్ వేసింది. ప్రయోగశాలలో పనిచేసిన రసాయనం మార్కెట్‌లో నిలవాలంటే వరసగా ఆర్డర్లు ఉండాలి, ఈ కథల్లో తరచూ కొరవడింది అదే.

పక్కనే ఉన్న పెద్ద పోటీ

ఎక్కువ గంటల నిల్వ అనగానే దక్షిణాదిలో ముందు గుర్తుకు రావాల్సింది బ్యాటరీ కాదు, పంప్డ్ స్టోరేజీ. కింది జలాశయం నుంచి పైదానికి నీళ్లు తోడి, అవసరమైనప్పుడు టర్బైన్ల మీదికి వదలడం. శ్రీశైలం ఎడమ గట్టున 900 మెగావాట్లు, తమిళనాడులో కడంపారైలో 400 మెగావాట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర గ్రీన్‌కో సంస్థ 1,680 మెగావాట్ల ప్రాజెక్టు చేపట్టింది. నది మధ్యలో కాకుండా నదికి దూరంగా జలాశయాలు కట్టే పద్ధతికి రాయలసీమ కొండలు అనువైనవి.

కర్ణాటకలో పరిస్థితి వేరు. శరావతి లోయలో ప్రతిపాదించిన 2,000 మెగావాట్ల ప్రాజెక్టు పశ్చిమ కనుమల అడవుల మీద పడటంతో తీవ్ర వ్యతిరేకత ఎదురవుతోంది. కొండ, నీళ్లు, అడవి అనుమతి మూడూ కుదిరిన చోట పంప్డ్ స్టోరేజీని ఫ్లో బ్యాటరీ ఖర్చులో ఓడించడం కష్టం. అవి కుదరని చోట, ప్రాజెక్టు ఏళ్ల తరబడి కాగితాల్లో నలిగే చోట, చదును నేల మీద ఏడాది, రెండేళ్లలో నిలబెట్టగల ట్యాంకులకు విలువ వస్తుంది. ఫ్లో బ్యాటరీకి అసలైన ప్రత్యర్థి ఎవరని అడిగితే, ఎనిమిది గంటల అవసరం దగ్గర అది లిథియం ఎంతో పంప్డ్ స్టోరేజీ కూడా అంతే.

టెండరు కాగితంలో రాసేది

డిస్కంలు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలు, తాము కొనే కరెంటులో నిల్వ నుంచి వచ్చే వాటా 2023-24లో 1 శాతం ఉండాలని, 2029-30 నాటికి 4 శాతానికి చేరాలని కేంద్రం 2022లో నిర్దేశించింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఇంకో సూచన చేసింది. కొత్త సోలార్ టెండర్లలో సామర్థ్యంలో కనీసం 10 శాతానికి రెండు గంటల నిల్వ జోడించాలంది.

రెండు గంటలు అని రాసిన టెండర్‌లో ఫ్లో బ్యాటరీ ధరలో పోటీపడే అవకాశం దాదాపు లేదు. అది ఉద్దేశపూర్వకంగా చేసింది కాదు, తక్షణ సాయంత్రపు అవసరానికి సరిపడేలా రాసింది. కానీ అదే ప్రాధికార సంస్థ 2031-32 ప్రణాళికలో 47 గిగావాట్ల బ్యాటరీలకు 236 గిగావాట్-అవర్లు అంటోంది, అంటే సగటున ఐదు గంటలు. రెండు గంటల టెండర్లకు, ఐదు గంటల ప్రణాళికకు మధ్య దూరం ఉంది. ఆ దూరాన్ని రెండు గంటల లిథియం పెట్టెలను పక్కపక్కన పెట్టుకుంటూ పూడ్చవచ్చు. లేదా ఎనిమిది గంటల నిల్వకు విడిగా, ఏ టెక్నాలజీ అని చెప్పకుండా, ఇరవై ఐదేళ్ల ఖర్చును లెక్కలోకి తీసుకునే టెండర్లు పిలవవచ్చు. రెండో దారిలో లిథియం గెలిచినా నష్టం లేదు, అసలు ధర ఎంతో బయటపడుతుంది. రెండు గంటల టెండర్లలో ఆ ధర తెలిసే మార్గం లేదు.

ఇక్కడి వాతావరణంలో పనితీరు తెలుసుకోవడానికి ఒక మొదలు మాత్రం పడింది. ఎన్టీపీసీ గ్రేటర్ నోయిడాలోని తన పరిశోధన కేంద్రం నేత్రలో 3 మెగావాట్-అవర్ల వెనేడియం బ్యాటరీని ఏర్పాటు చేసింది, 2025 నవంబరులో అది ప్రారంభమైంది. చైనా ప్లాంట్లతో పోలిస్తే చాలా చిన్నది. అయినా వేసవిలో 40 దాటే, చలికాలంలో 10 లోపు దిగే చోట అది నడవాలి, అంటే ద్రావణానికి ఉన్న రెండు హద్దులూ అక్కడ పరీక్షకు వస్తాయి. రెండు మూడు వేసవుల తర్వాత పంపులు, కూలింగ్ కలిసి ఎంత కరెంటు తిన్నాయి, సామర్థ్యం ఎంత తగ్గింది, ద్రావణాన్ని ఎన్నిసార్లు సమతుల్యం చేయాల్సి వచ్చింది అన్న వివరాలను బయటపెడితే, పావగడలోనో కర్నూలులోనో ఇలాంటిది పెట్టాలా వద్దా అన్న నిర్ణయానికి అమ్మకందారుల బ్రోషర్ల కంటే గట్టి ఆధారం దొరుకుతుంది.